దేవసహాయం రాసిన గోడ

పదకొండేళ్లుగా ఊరందరి కళ్లముందే ఉన్న తప్పు దయావతి టీచరుకు మొదటి ఆదివారమే కనపడింది. అందులో ఆమె గొప్పేమీ లేదు. ఆమె ఊరికి కొత్త, అంతే.

ఆరాధన అయిపోయి జనం గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటున్నారు. హన్నా జంపఖానాలు దులిపి మడత పెడుతోంది. మిషన్ బడికి బదిలీ మీద వచ్చిన దయావతి మాత్రం ప్రసంగపు బల్ల ముందు నిలబడి, తల అటు వంచి ఇటు వంచి గోడ వంక చూస్తోంది. బల్ల వెనక గోడకు ఈ చివర నుంచి ఆ చివరకు నీలం రంగులో జానెడేసి అక్షరాలున్నాయి. ఈ ప్రార్థనా మందిము కిష్టారెడ్డిపేట కూలిజనుల కష్టముతో కట్టబడినది, 1962. హన్నా భర్త దేవసహాయం రాసిన అక్షరాలవి. అతను పోయి నాలుగేళ్లయింది.

"పెద్దయ్యా, ఒకసారి ఇది చదవండి" అంది దయావతి.

సంఘ పెద్ద అహరోనుకు అరవై దాటాయి. ఆ గోడ లేవడానికి రాళ్లు మోసిన మనిషి. గోడవైపు సగం తిరిగీ తిరగక ముందే గడగడా అప్పచెప్పేశాడు. "ఈ ప్రార్థనా మందిరము కిష్టారెడ్డిపేట కూలిజనుల..."

"చూసి చదవండి."

"సూసే చదివిన గదమ్మా."

"ఒక్కొక్క అక్షరం చూడండి."

ఇదేం పరీక్షరా అనుకుని ఆయన చేతికర్ర ఎత్తి, అక్షరం కింద అక్షరం ఆనిస్తూ మొదలుపెట్టాడు. కర్ర 'ది' కింద నుంచి 'ము' కిందకు పోయింది. నోరు మాత్రం నిమ్మళంగా 'మందిరము' అంది. మళ్లీ చదివించింది. మళ్లీ మందిరమే. ఇలా కాదని దయావతి బల్ల మీదున్న హాజరు పుస్తకం తీసుకుని, చేయి పైకి చాచి ఆ మాటను మూసేసింది. తర్వాత పుస్తకాన్ని మెల్లిగా పక్కకు జరిపింది. మం. ది. ము. అయిపోయింది.

అహరోను చేతికర్ర కిందకు దించాడు. "రకారమేదీ?" అన్నాడు చివరకు.

అంతే. చెప్పులు తొడుక్కున్నవాళ్లు మళ్లీ విడిచి లోపలికి వచ్చారు. చదువు వచ్చినవాళ్లు రానివాళ్లకు చూపించారు. తెలిసిన మాటను కన్ను చదవదని, ముందే మనసు చదివేస్తుందని దయావతి అందరికీ పాఠంలా చెప్పింది. ఎవరు వింటారు. ఫ్యాక్టరీలో హెల్పరుగా చేసే మల్లయ్య అయితే కడుపు పట్టుకుని నవ్వాడు. "పెండ్లి సుత గీడనే చేసుకుంటిమి గదనే. గీ అక్షరాల ముంగటనే" అన్నాడు. ఇంకెవరో వెనక నుంచి, "దేవసహాయం ఆ పొద్దు చుక్కేసుకొని ఎక్కిండేమో" అన్నారు.

"ఆయన తాగేటోడు కాదు" అంది హన్నా. మడత పెడుతున్న జంపఖానా ఆమె చేతుల్లోనే ఉంది. ఆ మాట ఎవరికీ వినపడలేదు.

నలుగురు నవ్వితే నవ్వారు, రేపటికి మరిచిపోతారు. హన్నాకు జరిగిన నష్టం వేరు. ఈ నాలుగేళ్లు ఆమె ఆ గోడను చదివింది లేదు, చూసింది. తలకట్టు చివర అతను కుంచెను ఎలా తిప్పి లేపేవాడో, 'ష్టా' కింద తోకను ఎంత ఓపికగా లాగాడో చూసేది. ఆదివారం పూట ఆ రెండు గంటలూ అతని మణికట్టు ఆమె కళ్లముందు కదిలేది. ఏటా క్రిస్మస్‌కు నాలుగు గోడలకూ సున్నం కొడితే, ఆ అక్షరాల పట్టీ ఒక్కటి వదిలేయమని దగ్గరుండి చెప్పేది. ఇప్పుడు జనమంతా వెళ్లిపోయాక ఒక్కతే నిలబడి చూసింది. మణికట్టు లేదు, తోక లేదు. 'ది' పక్కన 'ము' తప్ప ఇంకేమీ కనపడలేదు. కళ్లు మూసి తెరిచింది. మళ్లీ అదే. చూపు వెళ్లి అక్కడే గుచ్చుకుంటోంది. ఆ టీచరమ్మ చూపించకపోతే బాగుండేదని ఆమెకు ఏడుపొచ్చింది.

మరునాడు పొద్దున్నే అహరోను ఇంటికి వచ్చాడు. హన్నా కూతురు జయశీలకు జడ వేస్తోంది. ఆయన గుమ్మంలోనే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చాయ్ ఇస్తే తాగాడు. ఆ యేడు వానలు లేవని, బావిలో చేద అడుగున తగులుతోందని చెప్పుకొచ్చాడు. పిల్ల బడికి పోయాక గానీ వచ్చిన పని ఎత్తలేదు.

"వచ్చే ఐతారం మందిరం పండుగ. మెదక్ నుంచి పాదిరి పెద్దయ్యగారు వస్తుండు. తెలిసిందే గద."

"తెలుసు మామా."

"గోడకు సున్నం కొట్టించి కొత్తగ రాపిద్దమని అనుకున్నరు అందరు. ఫ్యాక్టరీల పెయింటర్ ఒకాయన ఉన్నడంట, ఆంధ్రా దిక్కోడు. భీమశంకరం అంటరు. బేస్తారం వస్తనన్నడు."

హన్నా దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు తీసి వేలికి చుట్టుకుంటోంది. చుట్టడం ఆపింది.

"ఒక్క అక్షరమే గద మామా. గది ఇరికిస్తే కాదా?"

"యాడ ఇరికిస్తవ్ బిడ్డా? సందేమన్న ఉన్నదా?"

"హంసపాదం ఏసి పైన చిన్నగ రాస్తే?"

"బడిల పలకనా అది?" అన్నాడు అహరోను. కోపంగా అనలేదు. "పెద్దయ్యగారు బల్ల కాడ నిలబడితే ఆయన నెత్తి మీద హంసపాదమా? సక్కగుంటదా చెప్పు."

ఆమె వేలికి చుట్టిన వెంట్రుకలు తీసి పక్కన పెట్టింది. తర్వాత అంది. "ఆయన ఫొటో సుత లేదు మామా నా దగ్గర. రేపు తీపిద్దం, ఎల్లుండి తీపిద్దం అనుకుంటనే పాయె. పిల్లకు వాళ్ల నాయిన మొకం యాద్ పోతున్నది. గా గోడ సూపెట్టి, గిది మీ నాయిన చెయ్యి అని చెప్త."

అహరోను చాయ్ గ్లాసు నేల మీద పెట్టి దాని వంకే చూస్తూ కూర్చున్నాడు. దేవసహాయం లారీ కింద పడ్డ రోజు బొంబాయి రోడ్డు నుంచి ఎడ్లబండి మీద శవాన్ని తెచ్చింది ఆయనే.

"అట్లనే ఉంచితే దేవసహాయాన్నే నవ్వుతరు బిడ్డా. నిన్న సూసినవ్ గదా. ప్రతి ఐతారం నవ్వుతరు. నాకు మంచిగనిపిస్తదా? నీకు మంచిగనిపిస్తదా?"

ఆయన లేచాడు. పోతూ పోతూ ఓదార్పుకు ఒక మాట అన్నాడు. "పటాన్‌చెరుల ఆయన రాసిన బోర్డులు ఎన్ని లేవు. దుకాండ్ల మీద ఉండనే ఉన్నయి. గవి సూసుకోరాదు."

ఆ మాట పట్టుకుని మంగళవారం ఆమె నిజంగానే పటాన్‌చెరు పోయింది. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో రొట్టెలు చేసే పని ఆమెది. ఒంట్లో బాగాలేదని పక్కింటి ఆగమ్మతో కబురంపి, ఎండెక్కక ముందే నడక మొదలుపెట్టింది. పెళ్లయిన కొత్తలో ఆ దారినే అతని సైకిల్ వెనక కూర్చుని పోయేది. రంగు డబ్బాలు హ్యాండిల్‌కు వేలాడుతూ గణగణమనేవి. ఊళ్లోకి పోయాక అతను సైకిల్ ఆపేవాడు కాదు. పోతూనే గడ్డంతో చూపించేవాడు. అది నాదే, ఇదీ నాదే అని.

బట్టల కొట్టు మీద ఇప్పుడు తెల్ల ఎనామిల్ పలక ఉంది. మిఠాయి దుకాణం ఉన్న చోట రెండంతస్తుల మేడ లేచింది. రోడ్డు పెద్దది చేసినప్పుడు హోటలు ముందు గోడే పోయిందట. హోటలాయన గల్లా దగ్గర నుంచి లేవకుండానే, "ఏ బోర్డు? మాకు బోర్డెప్పుడున్నది?" అన్నాడు. ఆ బోర్డు రాసిచ్చినందుకు అతను ఇచ్చిన జిలేబీని దేవసహాయం ఇంటికి తెచ్చాడు. హన్నాకు జిలేబీ కూడా గుర్తుంది. కానీ ఆమె వాదించలేదు.

సైకిళ్లు కిరాయికిచ్చే సేటు మాత్రం మర్యాదస్తుడు. కూర్చోమని స్టూలు వేశాడు.

"పాత రేకు బోర్డా? ఉన్నదమ్మా, యాడికి పోతది. ఎనక కోళ్లగూటికి కొట్టిన."

"సూడొచ్చా?"

"సూడు. పరేషాన్ ఎందుకు, పోయి సూడు."

దొడ్లో కోళ్లగూడుకు తలుపుగా రేకు బిగించి ఉంది. రాసిన వైపు లోపలికుంది. హన్నా వంగి, సందులోంచి చేయి పెట్టి తడిమింది. లోపలున్న పెట్ట వేలు పొడిచింది. తల వంచి ఒక కంటితో చూస్తే తుప్పు, రెట్ట, దాని కింద ఎర్రరంగు పెచ్చులు. ఒకచోట ఒక సున్నాలాంటిది ఉంది. అది ఏ అక్షరంలో ముక్కో తెలియలేదు. అది అతని చేయో కాదో అసలే తెలియలేదు.

"దీని మీద ఏం రాసుండె సేటూ?"

సేటు గడ్డం గోక్కున్నాడు. "ఏమో అమ్మా. ఏడేండ్లు దాని కింద్నే కూసున్న. సైకిళ్లు కిరాయికి ఇయ్యబడును అని ఉండెనేమో. ఇంకేముంటది గని? నీకు కావాల్నంటే ఊడగొట్టిస్త, తీస్కపో."

"వద్దు సేటూ" అంది. కోళ్లకు తలుపు లేకుండా పోతుందని కూడా అంది.

తిరిగి వస్తుంటే ఎండ నెత్తి మీదికొచ్చింది. సుల్తాన్‌పూర్ అడ్డదారి దగ్గర చింతచెట్టు కింద కాసేపు కూర్చుంది. ఇక గోడ ఒక్కటే మిగిలింది. అది పోతే, దేవసహాయం అనేవాడు ఈ భూమ్మీద ఏదైనా చేశాడనడానికి పిల్ల తప్ప ఏమీ ఉండదు. ఆ పిల్ల ముక్కూ మొహం మళ్లీ తల్లి పోలిక. పోనీ అతన్ని అడుగుదాం, ఆ భీమశంకరాన్ని. ఆంధ్రా దిక్కువాళ్లు మర్యాదగా మాట్లాడతారంటారు కదా. రాయను పొమ్మంటే అహరోను మామ మాత్రం ఏం చేస్తాడు. ఆ ఆలోచన రాగానే ఆమె చెంగు దులుపుకుని లేచింది.

గురువారం పొద్దున ఆమె పోయేసరికి భీమశంకరం మందిరంలో నిచ్చెన ఆనించి, మెట్టు మెట్టూ తొక్కి చూసుకుంటున్నాడు. నలభై ఏళ్ల సన్నటి మనిషి. చొక్కా జేబుకు రకరకాల రంగు మరకలు. బక్కెట్లో సున్నం నానుతోంది. సున్నానికి నీళ్లు తెచ్చే పని ఎటూ హన్నాదే. రెండు బిందెలు దించి, కొంగుతో మొహం తుడుచుకుని, దారి పొడుగునా అనుకున్న మాట అనేసింది.

"అన్నా, జెర ఆగు. గిది కొట్టకు."

అతను వెనక్కి తిరిగాడు. "అదేంటమ్మా?"

"గిది రాసినాయన నా పెనిమిటి. నాకు ఇంకేం లేదు ఆయనది. నిన్ను రాయొద్దని చెప్పనీకి నేనెవ్వరిని గని, నీ కాళ్లు మొక్కుత."

"అయ్యయ్యో, అంత మాట అనకండి" అన్నాడతను. ఏం చెయ్యాలో తోచక చేతిలో కుంచెను బక్కెట్ అంచుకు ఆనించాడు. "పెద్దాయనకి మాటిచ్చేశానమ్మా. రెండ్రోజులు సెలవు కూడా పెట్టాను. నేను కాకపోతే ఇంకొకణ్ని తెస్తారు. వాడు ఎలాంటివాడొస్తాడో."

ఆమె కన్నీళ్లు పెట్టుకోలేదు. అలా నిలబడి ఉంది. ఆ నిలబడటం చూడలేక కాబోలు, అతను నిచ్చెన ఎక్కి గోడకు దగ్గరగా మొహం పెట్టాడు. మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టి మెల్లగా చూసుకుంటూ పోతున్నాడు. కొంతదూరం పోయాక నిచ్చెన జరుపుకుని మళ్లీ ఎక్కుతున్నాడు.

"మంచి చెయ్యి" అన్నాడు కాసేపటికి, తనలో తనే అనుకుంటున్నట్టు. "తలకట్టు ఎక్కడా వణకలేదు. ఎవరి దగ్గర నేర్చుకున్నాడు?"

"ఎవరి దగ్గర లేదు. పత్రికల అక్షరాలు సూసి సూసి రాసేటోడు."

"మరి ఈ ర ఎలా పోయిందంటారు?"

"ఏమో అన్నా. అందరు ఆయనకు సదువు రాదంటున్నరు. ఏడో తరగతి పాసైండు ఆయన."

"చదువుతో పని లేదులెండి. మేం మాట రాయం, గీత రాస్తాం. చదువుతూ కూర్చుంటే గీత వంకరపోతుంది. నేనొకసారి పెట్టెల మీద 'జాగ్రత్త' అని రెండొందలు రాశాను, గకి వత్తు వదిలేసి. రెండొందలూ అలాగే రాశాను. ఒక్కడూ అడగలేదు. పెట్టెలు వెళ్లిపోయాక ఇంటికెళ్లి పడుకుంటే గుర్తొచ్చింది" అంటూ నవ్వబోయినవాడు ఆగిపోయాడు. తలను గోడకు ఇంకా దగ్గరగా తీసుకుపోయి, చూపుడువేలి గోరుతో అక్షరాల కింద ఏదో గీరాడు.

"ఇలా రండమ్మా. ఇది చూడండి."

హన్నా దగ్గరకు పోయింది. గోడ మీద, అక్షరాల అడుగున, మేకుతో గీసిన సన్నటి గీతలున్నాయి. నిలువుగా, గోరంత పొడవు. ఇన్నేళ్లలో ఆమె వాటిని చూడనే లేదు.

"అక్షరానికో గీత. ముందే లెక్క చూసి గీసుకున్నాడు. మాలో జాగ్రత్త ఉన్నవాళ్లు ఇలా చేస్తారు. చూడండి, 'ఈ' కింద ఈ గీత. ప్రా. ర్థ. నా. మం. ది. ఇక్కడి వరకు ప్రతి అక్షరం దాని గీత మీద కూర్చుంది." అతను వేలు జరిపాడు. "ఈ గీత ర కోసం గీసింది. దీని మీద ము వచ్చి కూర్చుంది. ఇక్కణ్నుంచి చివరిదాకా ప్రతి అక్షరం ఒక గీత ముందుకొచ్చేసింది. అక్కడ చివర చూడండి, అంకెల పక్కన. ఒక గీత ఖాళీగా మిగిలింది. ఆయనకి ర తెలుసమ్మా. లెక్కలో వేసుకున్నాడు."

హన్నా గోడ చివరకు పోయి చూసింది. గీత ఉంది. దాని మీద ఏమీ లేదు.

"మరెట్ల మరిచిండు?"

"అదే చూస్తున్నాను." అతను మళ్లీ 'ది' దగ్గరకు వచ్చాడు. "ది రాసేసరికి కుంచెలో రంగు అయిపోవచ్చింది, చివర పలచబడింది చూడండి. ము కొత్త రంగు. నీలం కొంచెం ముదిరింది. డబ్బాలో రంగు ఎండిపోతే మళ్లీ కలుపుకున్నాడు. అంటే ఇక్కడ నిచ్చెన దిగాడు. దిగి చాలాసేపున్నాడు. ఎవరో వచ్చి ఏదో చెప్పుంటారు. మళ్లీ ఎక్కాడు గానీ మనసు ఇక్కడ లేదు. లేకపోతే ఇంత జాగ్రత్త మనిషి చివర గీత మిగిలిందని కూడా చూసుకోడా?"

అతను ఇంకా ఏదో చెబుతున్నాడు. హన్నాకు వినపడటం లేదు.

వచ్చింది ఎవరో కాదు. ఆమే. జొన్నరొట్టె, పచ్చిపులుసు గిన్నెలో మూటగట్టి తెచ్చింది. అప్పటికి పైకప్పు రేకులు ఇంకా సగమే పడ్డాయి. అతను దిగి, చేతులు కడుక్కుని, ఇటుకల మీద కూర్చుని తిన్నాడు. సగం తిన్నాక, నేల చూపులు చూస్తూ ఆమె చెప్పింది. నెల తప్పిందని. అంతకుముందు రెండు కాన్పులు పోయాయి. రెండుసార్లూ పసిగుడ్డును గుడ్డలో చుట్టి తీసుకుపోయింది అతనే. అందుకే చెప్పాలంటే ఆమెకు భయం వేసింది. వారం రోజులు దాచి ఆ రోజు చెప్పింది. అతను రొట్టె ముక్క నములుతూ విన్నాడు. కాసేపటికి, "సరే" అన్నాడు. చాలాసేపు అలాగే కూర్చున్నాడు. తర్వాత లేచి రంగు కలుపుకుని నిచ్చెన ఎక్కాడు.

ఆమె నిచ్చెన కింద నిలబడి అతని వీపు వంక చూసింది. ఇంకొక్క మాట అంటాడేమోనని. అనలేదు. ఖాళీ గిన్నె తీసుకుని ఇంటికి పోతూ దారంతా ఏడ్చింది. జయశీల పుట్టాక అతను పిల్లను ఎత్తుకుని తిరిగాడు, ముద్దు చేశాడు, అది వేరు. ఆ పూట మాత్రం ఆమె లోపల అలాగే ఉండిపోయింది. రాయిలాంటి మనిషి అనుకుంది. ఒకసారి కోపంలో మొహం మీదే అంది కూడా. అప్పుడూ అతను ఏమీ అనలేదు. పోయిన తర్వాత ఈ నాలుగేళ్లలో ఎన్నిసార్లు అడిగి ఉంటుందో లెక్కలేదు. ఆ రోజు నీకు ఏమీ అనిపించలేదా అని. ఎవర్ని అడగాలో తెలియక రొట్టెలు ఒత్తుతూ పెనాన్ని అడిగింది, పీటను అడిగింది.

ఇప్పుడు 'ది'కి, 'ము'కు మధ్య అరచేయి ఆనించి నిలబడింది. గోడ చల్లగా ఉంది.

"ఇన్నడన్నా" అంది. మళ్లీ అంది. "ఆయన ఇన్నడు."

భీమశంకరానికి ఏమీ అర్థం కాలేదు. అయినా అడగలేదు. నిచ్చెన దిగి, బీడీ తీసి, మందిరం అని గుర్తొచ్చి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. తర్వాత తనే అన్నాడు.

"నేను పెద్దాయనతో మాట్లాడతానమ్మా. ఈ గీతలు చూపిస్తాను. ఆయనకు చదువు రాక కాదు, మధ్యలో దిగాడని అందరికీ చెబుతాను. ఇది చూశాక ఇంకెవడూ నవ్వడు. గోడ ఇలాగే ఉంచేద్దాం. సున్నం ఏముంది, బయటి అరుగుకి కొట్టేస్తాను."

మూడు రోజులుగా ఆమె ఏ మాట కోసం తిరిగిందో ఆ మాటే ఇది. పటాన్‌చెరు దాకా నడిచి, కోళ్లగూట్లో చేయి పెట్టి, కాళ్లు మొక్కుతానని బతిమాలింది దీనికోసమే. అవునంటే చాలు.

హన్నా గోడ మీది చేయి తీయలేదు. ఆదివారం కళ్లముందుకొచ్చింది. అహరోను మామ చేతికర్ర ఎత్తి గీత గీతకూ ఆనిస్తూ చూపిస్తాడు. ఇదిగో ఇక్కడ దిగాడు, ఇక్కడ ఎవరో వచ్చారు. ఎవరొచ్చారు? హన్నానే అయి ఉంటుంది, బువ్వ తెచ్చేది ఆమే కదా. ఏం చెప్పావు హన్నా? దయావతి టీచరు మంచి మనసుతోనే అడుగుతుంది. మల్లయ్య ఇంకోలా అడుగుతాడు. పెద్దయ్యగారు దాని మీద ప్రసంగం కూడా చేస్తారు. అతను బతికినన్నాళ్లూ నోరు తెరిచి చెప్పలేని మాట అది. అంత పెద్ద అక్షరాల మధ్య ఎవరికీ కనపడకుండా పెట్టి పోయాడు. దాన్ని తీసి ఊరి చేతికివ్వాలా.

"వద్దన్నా" అంది. "సున్నం కొట్టు."

"అదేంటమ్మా? ఇందాకేగా..."

"ఇందాక నాకు తెల్వది. గీ ఒక్కటి ఊరికి రాసింది కాదు." కొంగు నడుముకు దోపుకుంది. "గా కుంచె ఇటియ్యి. ఈడ నేను కొడత."

అతను ఆమె మొహంలోకి చూశాడు. నార కుంచెను సున్నంలో ముంచి, అంచుకు పిండి, చేతికిచ్చాడు. ఆమె నిచ్చెన రెండు మెట్లు ఎక్కింది. 'ది' నుంచి 'ము' దాకా, మేకు గీత మీదుగా, పై నుంచి కిందకు నెమ్మదిగా పూసింది. తడి సున్నంలోంచి నీలం ఇంకా కనపడుతూనే ఉంది. రెండోసారి పూసింది. అది ఆరేదాకా కూర్చుని మూడోసారి కూడా తనే పూసింది. మిగతా గోడంతా భీమశంకరం కొట్టాడు. మధ్యాహ్నం అతనికి ఆమె ఇంటి నుంచే అన్నం వచ్చింది.

ఆదివారం మందిరం నిండిపోయింది. కాజీపల్లి నుంచి కూడా జనం వచ్చారు. భీమశంకరం గట్టివాడే, కొత్త అక్షరాలు కూడా నీలం రంగులోనే కొలిచి పెట్టినట్టున్నాయి. దయావతి టీచరు ముందే వచ్చి ఒక్కొక్క అక్షరం వేలితో చూపించుకుంటూ రెండుసార్లు చదివి, తృప్తిగా తల ఊపింది. అహరోను మామ హన్నా దగ్గరకు వచ్చి, ఆమె కళ్లలోకి చూడకుండా, "మంచిగున్నది గద బిడ్డా?" అని అడిగాడు. మంచిగున్నదని ఆమె చెప్పింది. అది అబద్ధం కాదు. గోడను చూసి మల్లయ్య, "ఏం మారింది? పాతదాని లెక్కనే ఉన్నది" అన్నాడు. అతనొక్కడే కాదు, సగం మందికి తేడా తెలియలేదు.

పెద్దయ్యగారు ప్రసంగం మొదలుపెడుతూ వెనక్కి తిరిగి గోడ మీది మాటలు చదివారు. సంఘమంతా ఆయన వెంట చదివింది. ఈ ప్రార్థనా మందిరము కిష్టారెడ్డిపేట కూలిజనుల కష్టముతో కట్టబడినది. హన్నా కూడా పెదవులు కదిపింది. ర అక్కడే ఉంది. భీమశంకరం గుండ్రంగా, నిండుగా దిద్దాడు. దాన్ని చూద్దామనే ఆమె చూపు నిలిపింది. ఎంత నిలిపినా చూపు 'ది' మీద నుంచి 'ము' మీదకు దాటిపోతోంది. ఆ రెంటి మధ్య అతను నిచ్చెన దిగుతున్నాడు, ఇటుకల మీద కూర్చుని వింటున్నాడు, ఇంకా ఏమీ అనలేదు.

జనం చదవడం ఆపి కూర్చున్నారు. ఆమె పెదవులు ఇంకా కదులుతున్నాయి. పక్కన కూర్చున్న జయశీల మోచేత్తో పొడిచింది.

"అమ్మా, అందరు ఆపిన్రు. ఏం చదువుతున్నవ్?"

"గోడ మీద ఉన్నదే బిడ్డా" అంది హన్నా.